వంటగది ఎవరి కోసం?

జుమా నమాజు ముగిశాక ఒక సోదరుడు మా వద్దకు వచ్చి చొక్కా జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశారు. పాత ఇంటి వంటగదిని పగలగొట్టి కొత్తగా కట్టించాలని ఆయన ఉద్దేశం. కాగితం మీద మేస్త్రీ గీసిన నక్షా, దాని కింద ఖర్చుల చిట్టా ఉన్నాయి. గ్రానైటు, టైల్సు, అద్దాల అల్మారాలు, పొగ లాగే చిమ్నీ అన్నీ కలిపి 4 లక్షల పైచిలుకు. "మౌలానా సాబ్! ఇంత ఖర్చు పెడితే ఇస్రాఫ్ (దుబారా) అవుతుందా? అవుతుందంటే మానేస్తాను, కాదంటే సోమవారం పని మొదలుపెట్టిస్తాను" అన్నారు.

ఖర్చు పెట్టకముందే ఇలా అడిగేవారు అరుదు. చాలామంది గృహప్రవేశం దావత్ అయ్యాక అడుగుతారు. అల్లాహ్ ఆయనకు మేలు చేయుగాక! అయితే అవుననో కాదనో ఒక్క మాటలో చెప్పలేక కాగితం మా వద్దే ఉంచమన్నాం.

ఎందుకంటే ఇంత మొత్తం దాటితే దుబారా అని షరీఅత్ ఎక్కడా అంకె వేయలేదు. దివ్యఖుర్ఆన్ ఆరాఫ్ సూరాలో తినడాన్ని, త్రాగడాన్ని, అలంకరణను ధర్మసమ్మతం చేస్తూనే మితిమీరడాన్ని వారించింది. ఫుర్ఖాన్ సూరాలో దుబారాకూ పిసినారితనానికీ నడుమ నడిచేవారిని కరుణామయుని దాసులుగా పేర్కొంది. పిసినారితనం కూడా తప్పేనన్న సంగతిని మనం తరచు మరచిపోతాం. ధర్మబద్ధమైన చోట యావదాస్తి వెచ్చించినా అది దుబారా కాదనీ, అధర్మంగా పిడికెడు ధాన్యం పోసినా అది దుబారాయేననీ ఖుర్ఆన్ వ్యాఖ్యాత ఇమామ్ ముజాహిద్ (రహ్మ) భావించారు. అంటే ఎంత అన్నదానికంటే ఎక్కడ, ఎందుకు అన్నది ముందు చూడాలి.

హిజ్రీ 8వ శతాబ్దపు పండితులు ఇమామ్ షాతిబీ (రహ్మ) 'అల్ మువాఫఖాత్' గ్రంథంలో మనిషి అవసరాలను మూడు మెట్లుగా విభజించారు. అవి లేకపోతే జీవితమే దెబ్బతినేవి కొన్ని, లేకపోతే కష్టం కలిగేవి కొన్ని, ఉంటే సొగసుగా ఉండేవి కొన్ని. ఆ కాగితాన్ని ముందు పెట్టుకొని ఒక్కొక్క పద్దునూ ఈ మెట్లపై సర్దడానికి ప్రయత్నించాం. గ్యాసు, కరెంటు ప్రాణానికి సంబంధించినవి. వంటగ్యాసు గాలికంటే బరువైనది. లీకైతే పైకి పోదు, నేలబారున పరచుకుంటుంది. అందుకే సిలిండరు ఉన్న చోట గోడకు కింది భాగంలో గాలి పోయే మార్గం ఉండాలి. నక్షాలో సిలిండరును తలుపున్న అల్మారాలో బంధించారు, కింద చిన్న రంధ్రమైనా లేదు. రాత్రి పడుకునే ముందు దీపాలు ఆర్పమనీ, పాత్రలపై మూతలు పెట్టమనీ దైవప్రవక్త (స) ఆదేశించారు. ఆ ఆదేశాన్ని నేటి వంటగదిలో పాటించడమంటే రెగ్యులేటరు చేతికి అందే చోట ఉండటం కూడా.

సొగసు మెట్టు మీద ఉన్నవే చిట్టాలో ఎక్కువ. పైకప్పు దాకా టైల్సు, హాలు వైపు తిరిగి ఉన్న అద్దాల అల్మారా, దానిలో లైట్లు. హజ్రత్ ఆయిషా (ర) ఒకసారి ఇంట్లో బొమ్మలున్న తెర వ్రేలాడదీస్తే దైవప్రవక్త (స) దాన్ని తీసివేశారు. రాళ్లకూ మట్టికీ బట్టలు తొడగమని అల్లాహ్ మనల్ని ఆదేశించలేదన్న భావం వచ్చేలా మాట్లాడారు. ఆ బట్టనే కోసి రెండు దిండ్లు కుట్టి లోపల ఖర్జూరపు పీచు నింపితే మాత్రం ఆయన ఆక్షేపించలేదు. బట్ట అదే, గుడ్డ వెల అదే! గోడ మీద ఉన్నప్పుడు అక్కరలేనిది, ఆనుకునే దిండు అయ్యాక పనికొచ్చేది అయింది. నూనె చిందే చోట రెండడుగుల టైలు తుడవడానికి పనికొస్తుంది. పైకప్పు దాకా అతికించినది ఎవరు తుడుస్తారు?

ఇక్కడే మాకు అసలు ప్రశ్న తట్టింది. ఆ సోదరుడు మళ్లీ వచ్చినప్పుడు, "ఈ నక్షా మీ ఇంట్లో వారికి చూపించారా?" అని అడిగాం. ఆయన నవ్వేశారు. "ఆమెకు నక్షాలేం తెలుస్తాయి మౌలానా సాబ్, అయ్యాక చూస్తుంది" అన్నారు.

సోదరులారా! రోజుకు నాలుగైదు గంటలు నిలబడేది ఆమె. మేస్త్రీ ఎక్కడైనా ఒకే ఎత్తున అరుగు కడతాడు. కాని కూరగాయలు కోసే అరుగు మోచేతి కంటే నాలుగు నుంచి ఆరు అంగుళాలు కిందికి ఉంటేనే నడుము, భుజాలు నొప్పి పెట్టవు. 5 అడుగుల స్త్రీకి అది 32 నుంచి 34 అంగుళాల మధ్య వస్తుంది. పొయ్యి మీద గిన్నె ఎత్తు కూడా కలుస్తుంది కనుక పొయ్యి అరుగు ఇంకాస్త కిందికి ఉన్నా మంచిదే. సింకు అడుగు లోతుగా ఉంటుంది కనుక దాని అంచు ఇంకాస్త పైకి ఉండాలి. ఇదంతా కొలవడానికి ఒక టేపు, అయిదు నిమిషాలు చాలు. ఆ అయిదు నిమిషాలు ఆమెను నిలబెట్టి కొలిచే తీరిక లేనివారు 4 లక్షలు ఎవరి కోసం పెడుతున్నట్టు?

కొందరు మరో వైపు నుంచి మాట్లాడతారు. దైవప్రవక్త (స) ఇంట్లో రెండు నెలల పాటు పొయ్యి వెలగని రోజులుండేవి, ఖర్జూరాలు, నీళ్లతోనే గడిచేది, మనకీ వంటగది హంగులెందుకు అంటారు. హజ్రత్ ఆయిషా (ర) చెప్పిన ఆ మాట నిజమే. కాని ఈ హదీసు మనవారికి వంటగది దగ్గరే ఎందుకు గుర్తొస్తుందో ఆలోచించండి. కొత్త బండి కొనేటప్పుడు, హాల్లో సోఫాలు వేయించేటప్పుడు గుర్తు రాదు. జుహ్ద్ (నిరాడంబరత) మనిషి తన కోసం ఎంచుకునేది. ఇతరుల నడుము మీద మోపి, తాను పుణ్యం ఆశించేది కాదు. ఆ పొయ్యి వెలగని ఇంటి యజమాని (స) ఇంట్లో ఏం చేసేవారని అడిగితే, ఇంటివారి పనుల్లో ఉండేవారని అదే ఆయిషా (ర) చెప్పారు. ఈ రెండు హదీసులూ ఒకే ఇంటివి. ఒకటి వదిలి ఒకటి వల్లించడం న్యాయం కాదు.

ఆ ఇంట్లో వృద్ధురాలైన తల్లి కూడా ఉన్నారు. ఆమె నిలబడి పని చేయలేరు. నేల మీద కత్తిపీట ముందేసుకొని ఉల్లిపాయలు కోస్తారు, అల్లం ఒలుస్తారు. మన పాత బావర్చీఖానాల్లో అందరూ కిందే కూర్చునేవారు కనుక పెద్దవారికి చివరిదాకా అక్కడ చోటుండేది. కొత్త నక్షాలో గోడ నుంచి గోడ దాకా అల్మారాలే. "అమ్మీ ఎక్కడ కూర్చుంటారు?" అన్నాం. ఆయన కాగితం వైపు చూస్తూ ఉండిపోయారు. ఆమెను గెంటివేయాలని ఆయన మనసులో లేదు. గీత గీసేటప్పుడు గుర్తు రాలేదు, అంతే.

పనిమనిషి ఉన్న ఇళ్లలో మరో మాట. పొయ్యి సెగ, పొగ భరించి వండి తెచ్చిన సేవకుణ్ణి పక్కన కూర్చోబెట్టుకోమనీ, అది కుదరకపోతే ఒకటి రెండు ముద్దలైనా ఇవ్వమనీ దైవప్రవక్త (స) ప్రబోధించారు. సెగను, పొగను పేరు పెట్టి మరీ లెక్కలోకి తీసుకున్నారు చూడండి! కనుక చిమ్నీని, పెద్ద కిటికీని మేము సొగసు మెట్టు మీద పెట్టలేదు. అయితే ఆ చిమ్నీ గొట్టం పక్కింటి కిటికీకి ఎదురుగా తెరుచుకుంటోంది. మన వంటగది శుభ్రమై పొరుగువారి గది జిడ్డు పట్టడం ధర్మమా? గొట్టాన్ని డాబా పైకి తీసుకువెళ్లాలి. ఖర్చు పెరిగితే పెరగనీ.

డబ్బు సంగతి క్లుప్తంగా చెబుతాం. వడ్డీ వాయిదాల మీద అరుగు కట్టించవద్దు. చేతిలో ఉన్నంతలో ముందు పైపులు, వైరింగు, కిటికీ చేయించుకోండి. గోడలు పూశాక వాటిని మళ్లీ తవ్వలేం. అల్మారాలు వచ్చే ఏడాది వచ్చినా వంట ఆగదు. ఆగ్నేయ మూల కాదని ఉన్న గదిని వదిలేసి వేరే చోట కట్టే ఖర్చు కూడా కొందరు ముస్లింలు పెడుతున్నారు. ఆ డబ్బుతో రెండు కిటికీలు వస్తాయి.

రెండు వారాల తర్వాత ఆయన కొత్త కాగితంతో వచ్చారు. అద్దాల అల్మారా, లైట్లు పోయాయి. గ్రానైటు అరల చోట కడప బండలు వచ్చాయి. సిలిండరు అల్మారాకు కింద జాలీ పెట్టారు. అరుగు ఎత్తు రెండు చోట్ల రెండు రకాలుగా రాసి ఉంది, అంకెలు ఆమె చేతిరాత. కిటికీ పక్కన అడుగున్నర ఎత్తున ఒక తిన్నె గీశారు, అమ్మీ కోసం. ఎంత తగ్గిందని అడిగాం. తగ్గలేదట, 12 వేలు పెరిగిందట. దుబారా గురించి ఆయన మళ్లీ అడగలేదు. చిమ్నీ గొట్టం సంగతి మాత్రం ఇంకా తేలలేదు. పక్కింటివారితో మాట్లాడి వస్తానని వెళ్లారు.