అకీలాను చూస్తూ డిలన్‌ను మరిచిపోకు

చిట్టితల్లికి అమ్మమ్మ ఆశీస్సులు.

ఆదివారం తెలుగు బడికి మానకుండా వెళ్తున్నావని మీ అమ్మ చెప్పింది. అందుకే ఫోన్లో చెప్పకుండా ఉత్తరం రాస్తున్నాను. నిదానంగా కూడబలుక్కుని చదువు. అర్థం కానిచోట అమ్మనడుగు. ఇందులో తను వినవలసిన మాటలు కూడా ఉన్నాయి.

పోయిన వేసవిలో అమెరికాలో మీ ఇంట్లో ఉన్నప్పటి ఒక శనివారం రాత్రి నన్ను వదలడం లేదు. భోజనాలయ్యాక పెద్దవాళ్లు కబుర్లలో పడ్డారు. పిల్లలంతా టీవీ ముందు చేరారు. స్పెల్లింగ్ పోటీకి తయారవుతున్నావు కదా, నువ్వు ‘అకీలా అండ్ ద బీ’ పెట్టబోయావు. వచ్చినవాళ్లలో ఒకావిడ, “ఆ నల్లోళ్ల సినిమాలు పిల్లలకెందుకు? అన్నీ కొట్లాటలే” అంది. నువ్వు నా వంక చూశావు. నేను వక్కపొడి నములుతూ ఊరుకున్నాను. నువ్వు రిమోట్ నొక్కి ఇంకేదో పెట్టేశావు. ఆ చూపుకు నేను జవాబు బాకీ పడ్డాను తల్లీ.

తెనాలి వచ్చాక మీ మావయ్య చేత పెట్టించుకుని ఆ సినిమా రెండుసార్లు చూశాను. 2006లో డగ్ అచిసన్ రాసి తీసిన సినిమా. దక్షిణ లాస్ ఏంజెలెస్‌లో పదకొండేళ్ల అకీలా. వాళ్ల నాన్నను ఎవరో కాల్చి చంపారు. అమ్మ ఉద్యోగంతో, దిగులుతో అలిసిపోయింది. తెలివైనదని తెలిస్తే తోటిపిల్లలు ఏడిపిస్తారని, ఆ పిల్ల తన తెలివిని దాచుకుంటుంది. స్పెల్లింగ్ పోటీకి అమ్మ ఒప్పుకోదని చనిపోయిన నాన్న సంతకం తానే పెట్టేస్తుంది. అది తప్పే. కానీ ఆ సంతకం పెట్టే చేతిని చూస్తుంటే నాకు కోపం రాలేదు, కడుపు తరుక్కుపోయింది.

కీకీ పామర్ అనే చిన్నపిల్ల అకీలాగా వేసింది. లారెన్స్ ఫిష్‌బర్న్ ఆమెకు గురువు, డాక్టర్ లారబీ. మాటను బట్టీ పట్టకుండా దాని వేరు ఎక్కడుందో వెతకమంటాడు. ఆ పిల్లకు తాడాట ఆడుతుంటే అక్షరాలు వరసగా గుర్తొస్తాయి. మేమూ ఎక్కాలు ఊగుతూనే వల్లించేవాళ్లం. ఒళ్లు కదిలితే జ్ఞాపకం కదులుతుంది. నువ్వు కుర్చీలో బిగుసుకుని కూర్చోకు, లేచి నడుస్తూ చదువు. గురువు మధ్యలో చెయ్యి వదిలేస్తే వాళ్లమ్మ చెబుతుంది, చుట్టూ చూడు, నీకు యాభై వేలమంది గురువులున్నారని. అప్పుడు ఇరుగుపొరుగు, అన్న, స్నేహితులు అందరూ అట్టముక్కలు పట్టుకుని మాటలు అడగడం మొదలుపెడతారు. ఒక్క పిల్ల కోసం పేటంతా కదిలింది. కొట్లాటలని ఆవిడ అన్నది ఈ సినిమా గురించే!

ఇక అసలు చెప్పవలసిన చోటుకి వస్తాను. అందులో డిలన్ అనే చైనా సంతతి కుర్రవాడున్నాడు. జాతీయ పోటీలో అంతకుముందు రెండేళ్లూ రెండోస్థానంలో ఆగిపోయినవాడు. ఒక పుట్టినరోజు పండగలో స్క్రాబుల్ ఆడుతూ అకీలా వాణ్ణి ఓడించినంత పని చేస్తుంది. వాళ్ల నాన్న కొడుకును పక్కకు పిలిచి, ఒక నల్లపిల్ల మీదే ఇంత కష్టంగా నెగ్గితే పోటీలో ఏం గెలుస్తావని చీదరించుకుంటాడు. అకీలా చెవిన పడుతుంది.

ఆ మాట అన్నది తెల్లవాడు కాదు. సముద్రం దాటి వచ్చి, పిల్లల చదువే ఆస్తి అనుకున్న కుటుంబంవాడు. అచ్చం మనలాంటివాడు. ఆ ముఖంలో నాకు మీ హాల్లో కూర్చున్న మేమందరం కనిపించాం.

నేను నల్లగా పుట్టాను. మా అమ్మ సున్నిపిండిలో పసుపు కలిపి ఒళ్లు మండేదాకా రుద్దేది. పెళ్లిచూపులవాళ్లతో ‘చామనచాయ’ అని చెప్పేవారు. ఒక సంబంధం రంగు దగ్గరే ఆగిపోయింది. నలుపు నారాయణుడు మెచ్చు అని మా నాయనమ్మ ఓదార్చేది. ఓదార్చవలసినంత తప్పు నేనేం చేశానో అర్థమయ్యేది కాదు. ఇంత పడినదాన్ని, ఆ రాత్రి ఒక్క మాట అనలేకపోయాను.

ఇంకో సంగతి కూడా నీకు తెలియాలి. 1965కు ముందు అమెరికాలో స్థిరపడడానికి భారతీయులకు ఏడాదికి వందమందికే కోటా. నల్లజాతివాళ్లు దెబ్బలు తిని, జైళ్లకు వెళ్లి నడిపిన పౌరహక్కుల ఉద్యమం ఆ దేశపు మనసును కదిలించిన రోజుల్లోనే, 1965లో దేశాలవారీ కోటాలను ఎత్తేస్తూ చట్టం వచ్చింది. మనవాళ్లు ఆ తలుపులోంచే లోపలికి వెళ్లారు.

నువ్వు కూర్చోబోయే పోటీకే ఇలాంటి కథ ఉంది. 1936లో అక్రన్ ఊరినుంచి మక్‌నోలియా కాక్స్ అనే పదమూడేళ్ల నల్లజాతి పిల్ల వాషింగ్టన్‌కు జాతీయ పోటీకి బయల్దేరింది. మేరీలాండ్ సరిహద్దులో రైల్లో నల్లవాళ్ల పెట్టెలోకి మారమన్నారు. తక్కిన పిల్లలు దిగిన హోటల్లో చోటివ్వలేదు. చివరికి జాబితాలో లేని ‘నెమెసిస్’ అనే మాట అడిగి ఓడించారు. పెద్దయ్యాక ఆ పిల్ల ఒక డాక్టరు ఇంట్లో పనిమనిషిగా బతికింది. అది జరిగిన 85 ఏళ్లకు, 2021లో, లూసియానా నుంచి వచ్చిన పద్నాలుగేళ్ల జైలా అవాంట్‌గార్డ్ గెలిచింది. ఆ పోటీ గెలిచిన తొలి ఆఫ్రికన్ అమెరికన్ ఆమే. గెలిపించిన మాట ఏమిటో తెలుసా? ‘ముర్రయా’. మీ అమ్మ కుండీలో పెంచే కరివేపాకుకు శాస్త్రజ్ఞులు చాలాకాలంగా వాడుతూ వచ్చిన పేరులో మొదటి మాట అదే.

సెలవుల్లో ఇంకా కొన్ని చూడు. మన మీరా నాయర్ తీసిన ‘క్వీన్ ఆఫ్ కాట్వే’ తప్పకుండా చూడు. ఉగాండా రాజధాని కంపాలాలో మొక్కజొన్న అమ్ముకునే ఫియోనా ముటేసి చదరంగం నేర్చుకున్న నిజమైన కథ. ‘హిడెన్ ఫిగర్స్’లో, 1962లో వ్యోమగామి జాన్ గ్లెన్ బయల్దేరబోయే ముందు, కంప్యూటర్ లెక్కలను నల్లజాతి గణితవేత్త కాథరిన్ జాన్సన్‌తో సరిచూయించమని అడగడం నిజంగా జరిగింది. పై అధికారి నల్లవాళ్లకు వేరుగా పెట్టిన బాత్రూమ్ బోర్డు పగలగొట్టడం మాత్రం కల్పన. అసలు కాథరిన్ ఎవరో వచ్చి పగలగొట్టేదాకా ఆగలేదు, దగ్గర్లో ఉన్నదాన్నే వాడుకుంది. నాకు ఆ నిజమే ఎక్కువ నచ్చింది. ‘ద ప్రిన్సెస్ అండ్ ద ఫ్రాగ్’లో డిస్నీవాళ్ల తొలి నల్లజాతి రాకుమారి టియానా ఉంది. సినిమాలో చాలాసేపు కప్ప రూపంలోనే ఉంటుంది. ఆ పిల్ల ముఖం ఇంకాసేపు చూడాలనిపించింది.

ముందు మాత్రం అకీలానే చూడు. చివర్లో, తండ్రి ఒత్తిడితో నలిగిపోతున్న డిలన్ మీద జాలిపడి, అకీలా తెలిసిన మాటే కావాలని తప్పు చెబుతుంది. డిలన్ కనిపెడతాడు. ఆ గెలుపు తనకొద్దని తానూ అదే మాట తప్పు చెబుతాడు. ఇద్దరూ సమానంగా నిలబడి ఇద్దరూ గెలుస్తారు. తండ్రి మాటను ఆ కుర్రవాడు కాదన్నది అక్కడే. అందరూ అకీలాకు చప్పట్లు కొడతారు, నువ్వూ కొట్టు. కానీ వాడి ముఖం కూడా బాగా చూడు. మన ఇళ్లలో పెరిగే పిల్లలు చేయవలసిన పని వాడు చేశాడు.

వచ్చే శనివారం మీకు రాత్రి, మాకు ఆదివారం ఉదయం. నువ్వక్కడ పెట్టు, నేనిక్కడ పెట్టుకుంటాను. పక్కింటి నీ స్నేహితురాలిని కూడా పిలువు. ఆ ‘నల్లోళ్ల సినిమాల’ మాట మళ్లీ ఎవరైనా అంటే, ఎంత పెద్దవాళ్లయినా సరే, “అలా అనకండి అత్తా” అని మర్యాదగానే చెప్పు. నేను ఊరుకున్నట్టు నువ్వు ఊరుకోకు.

ప్రేమతో,
మీ అమ్మమ్మ