జక్కయ నేర్పిన పాఠం



జక్కయ ప్రభువును ఇంట చేర్చుకొని అంతటితో ఊరుకోలేదు. అన్యాయంగా తీసుకొన్నదానిని నాలుగింతలుగా తిరిగి ఇచ్చేస్తానన్నాడు (లూకా 19:1-10). ఆనాడే ఆ ఇంటికి రక్షణ వచ్చింది.

పశ్చిమ ఆఫ్రికాలోని సియెర్రా లియోన్‌లో 1991 నుండి 2002 వరకు అంతర్యుద్ధం సాగింది. తిరుగుబాటుదారులు వజ్రాలమ్మి తుపాకులు కొన్నారు. వాటిని పసివారికిచ్చారు. అమాయకుల చేతులు నరికారు. ఆ వజ్రాలను కొన్నది మాత్రం దూరదేశాల వారే!

అందుకే యుద్ధం ముగిశాక ప్రపంచ దేశాల సాయం అన్నవస్త్రాలతో ఆగలేదు. ఐక్యరాజ్యసమితి ఒప్పందంతో, అనేక దేశాల విరాళాలతో ప్రత్యేక న్యాయస్థానం వెలిసింది. తిరుగుబాటుదారులకు తోడ్పడిన లైబీరియా మాజీ అధ్యక్షుడు చార్లెస్ టేలర్‌కు అది 2012లో 50 ఏళ్ల శిక్ష విధించింది. వజ్రాలకు ధ్రువపత్రం ఉండాలనే కింబర్లీ ఏర్పాటు 2003లో అమలులోకి వచ్చింది. ఆర్థిక సంస్కరణల షరతులు నెరవేర్చాక, 2006లో ఆ దేశపు విదేశీ అప్పులో అధిక భాగం రద్దయింది.

అయినా తెగిన చేతులు తిరిగి రాలేదు. న్యాయం ఆలస్యమైతే నష్టపోయేది పేదవాడే.

ప్రియులారా, కూలివాని కూలి ఆపి కానుక పెట్టెలో నోటు వేస్తే దేవుడు మెచ్చడు. బిడ్డ పెళ్ళికి నగ కొనేటప్పుడు “ఇది ఎక్కడిది?” అని అడుగుదాం. దానం మంచిదే, న్యాయం దానికంటే ముందు. ఆమెన్.