ఆలస్యంగా విన్న పాట

పోయిన నెల ఆఫీసులో లంచ్ దగ్గర ఒక చిన్న వాదన జరిగింది. మా టీమ్‌లో నాకంటే ఏడెనిమిదేళ్ళు చిన్నవాడు ఒకడున్నాడు. ‘డీజే టిల్లు’ టైటిల్ పాట చేసిన రామ్ మిరియాల ఇంకా ఏమేం పాడాడా అని వెతుక్కుంటూ వెనక్కి వెళ్ళి, ‘చౌరస్తా’ బ్యాండు దగ్గర ఆగాడట. “అన్నా, ‘ఊరెళ్ళిపోతా మామా’ విన్నావా? దానికి రావాల్సినంత పేరు రాలేదు. ఫుల్ అండర్‌రేటెడ్” అన్నాడు. నేను కొంచెం గర్వంగానే “మేం అది వచ్చినప్పుడే విన్నాంలే” అన్నాను.

ఇంటికొచ్చాక నేనన్న మాటే నన్ను వదల్లేదు. వచ్చినప్పుడే నా చెవిన పడింది, నిజమే. కానీ విన్నానా?

చౌరస్తా హైదరాబాదు బ్యాండు. యశ్వంత్ నాగ్, రామ్ మిరియాల, ఇంకొందరు కలిసి జానపదపు నడకకి రెగ్గే, రాక్ జోడించి తెలుగులో పాడారు. మనకి ఇలాంటివాటిని పెట్టుకోవడానికి సరైన అర లేదు. తెలుగులో ఆల్బమ్ అంటే సినిమా పాటలే. బ్యాండు అంటే పెళ్ళి ఊరేగింపులో వాయించేది. పునర్మూల్యాంకనం కూడా సినిమాలకే చేస్తాం. 2010లో ఆడని ‘ఆరెంజ్’ 2023లో మళ్ళీ విడుదలైతే థియేటర్లో జనం తెరతో పాటు గొంతు కలిపి పాడారు. సినిమా ఊతం లేకుండా వచ్చిన పాట యూట్యూబులో ఎన్ని వ్యూస్ తెచ్చుకున్నా, దాని గురించి కూర్చుని మాట్లాడేవాళ్ళు తక్కువ. వ్యూస్ వేరు, వినడం వేరు. నేను ఆ వ్యూస్‌లో ఒకణ్ణి.

ఆ పాట కరోనాకి రెండు మూడేళ్ళ ముందు వచ్చింది. మేనేజరు తిట్టిన రోజు, శుక్రవారం సాయంత్రం గచ్చిబౌలి ట్రాఫిక్‌లో ఇరుక్కున్న రోజు మా ఫ్రెండ్స్ గ్రూపులో ఎవరో ఒకరు దాన్ని పెట్టేవాళ్ళు. నేనైతే వాట్సాప్ స్టేటస్ కూడా పెట్టుకున్నాను. రాజీనామా చేయలేనివాళ్ళు పాడుకునే రాజీనామా పాట అనుకున్నాం.

కానీ ఆ పాటలో ఇద్దరున్నారు. ఎర్రబస్సెక్కి మళ్ళీ ఊరికి పోతానంటాడు ఒకడు. ఏ ఊరికి పోతావు, ఎట్లా పోతావు అని అడుగుతాడు రెండోవాడు. పాట బరువంతా ఆ రెండోవాడి ప్రశ్నలో ఉంది. నేను మొదటివాడి మాట మాత్రమే ఉంచుకుని, ప్రశ్నని ఊపులో దాటేశాను. పైగా ఆ ప్రశ్న వినపడకుండా పోవడానికి నాకంటే తక్కువ సాకులున్న మనిషి ఉండడు.

ఎందుకంటే మాది కోడుమూరు. కర్నూలు జిల్లా. హంద్రీ పక్కనే ఉన్నా, నీళ్ళు ఉన్నప్పటి కంటే ఇసుక ఉన్నప్పుడే దాన్ని ఎక్కువ చూశాను. ఇంజనీరింగ్ మొదటి ఏడాదిలో నా యాస విని “ఎర్రబస్సెక్కి వచ్చావా?” అని అడిగినవాళ్ళున్నారు. నిజంగానే ఎర్రబస్సెక్కి వచ్చాను కాబట్టి ఏమనాలో తెలీక నవ్వాను. ఆ తర్వాత యాస మార్చుకున్నాను. అయితే మా వైపు ఎర్రబస్సుకి ఇంకో దిక్కు కూడా ఉంది. వానలు మొహం చాటేసిన ఏడాది, పనికోసం ఇళ్ళకి తాళాలేసి, ముసలివాళ్ళని వదిలి, బియ్యం మూటలూ వంటగిన్నెలూ కట్టుకుని గుంటూరు వైపు పత్తి తీయడానికో మిరపకాయలు కోయడానికో పోతారు. జిల్లా పడమటి భాగంలో దాన్ని సుగ్గికి పోవడం అంటారు. నాతో చదివిన పిల్లలు కొందరు డిసెంబరు నుంచి బడిలో కనపడేవాళ్ళు కాదు. అక్కడ పెరిగినవాడికి ‘ఊరెళ్ళిపోవడం’ అనగానే ముందు ‘ఏ ఊరు? ఏముంది అక్కడ?’ అన్న ప్రశ్న రావాలి. నాకు మాత్రం వీకెండ్ గుర్తొచ్చింది.

2020 మార్చి ఆఖర్లో లాక్‌డౌన్ వచ్చింది. మిరప కోతలకి పోయిన మా జిల్లా కూలీలు గుంటూరు జిల్లాలో చేల దగ్గరే చిక్కుకుపోయారు. నేను మియాపూర్‌లో ఏసీ వేసుకుని పనిచేసుకుంటున్నాను. ఒక రాత్రి ఆటోప్లేలో ఆ పాట దానంతటదే వచ్చింది. అదే రికార్డింగు, ఒక్క స్వరం మారలేదు. ఈసారి రెండోవాడి ప్రశ్న మాత్రమే వినపడింది.

ఇక్కడ ఆగి ఆలోచించాలి. ఒక రచననో పాటనో ‘అండర్‌రేటెడ్’ అన్నప్పుడు మనం ఏమంటున్నాం? దానికి ఒక సరైన మార్కు ఉంది, జనం తక్కువ వేశారు, ఇప్పుడు రీకౌంటింగ్‌లో సరిచేస్తున్నాం అంటున్నాం. తప్పు ఎక్కడో బయట, ‘జనం’ దగ్గర జరిగినట్టు. చెప్పేవాడు ఆ జనంలో లేనట్టు. లంచ్ దగ్గర నేను చేసింది కూడా అదే. ‘వచ్చినప్పుడే విన్నాం’ అని నన్ను నేను దోషుల జాబితాలోంచి తీసేసుకున్నాను.

నిజానికి పునర్మూల్యాంకనంలో పాట గురించి తెలిసేది కొంతే. ఎక్కువ బయటపడేది మన గురించే, అప్పుడు మనం ఏం చేస్తున్నాం అన్నది. అంతకంటే ఇబ్బందైన విషయం ఇంకోటుంది. చాలాసార్లు మన చెవులు వాటంతటవి తెరుచుకోవు, ఎవరో అనుమతి ఇవ్వాలి. 2021లో ‘జాతిరత్నాలు’లో ‘చిట్టి’ పాట ఊరూరా మోగాక, 2023లో ‘బలగం’లో మంగ్లీతో కలిసి పాడిన ‘ఊరు పల్లెటూరు’ వచ్చాక, అదే గొంతు పాత పాటలు ఉన్నట్టుండి లోతైనవిగా కనపడటం మొదలైంది. పాత పాటల్లో లోతు లేదని కాదు. సినిమా వచ్చి వేలు పెట్టి చూపిస్తే తప్ప మనం అటు తిరగలేదు. మా కుర్రాణ్ణి తప్పుపట్టడం లేదు. వాడు కనీసం వెతుక్కుంటూ వెళ్ళి మొత్తం విన్నాడు.

బెంగళూరులో పనిచేసినప్పుడు పక్క సీటు బెంగాలీ అబ్బాయి ద్వారా ‘మొహీనేర్ ఘొరాగులి’ గురించి తెలిసింది. మొహీన్ గుర్రాలు అని అర్థం. జీవనానంద దాస్ కవితలోంచి తీసుకున్న పేరు. గౌతమ్ చట్టోపాధ్యాయ్, అతని తమ్ముళ్ళు, స్నేహితులు కలిసి డెబ్భైల కలకత్తాలో బావుల్ పాటనీ రాక్‌నీ కలిపారు. 1977 నుంచి 1979 దాకా మూడు రికార్డులు తెచ్చారు. పెద్దగా పట్టించుకున్నవాళ్ళు లేరు. 1981 నాటికి బ్యాండు చెదిరిపోయింది. 1995లో గౌతమ్ కొత్తతరం గాయకులతో కలిసి, ‘మళ్ళీ ఇరవయ్యేళ్ళ తర్వాత’ అనే అర్థం వచ్చే పేరుతో ఒక ఆల్బమ్ తెచ్చాడు. అప్పుడు కలకత్తా కుర్రకారు వాళ్ళని నెత్తిన పెట్టుకుంది. పాత రికార్డులు వెతికి వెతికి విన్నారు. గౌతమ్ 1999లో పోయాడు. 2006లో ‘గ్యాంగ్‌స్టర్’ హిందీ సినిమాలో ‘భీగీ భీగీ’గా దేశమంతా పాడుకున్నది వాళ్ళ బాణీయే.

ఈ కథ విన్నప్పుడు అందరిలాగే నాకూ ధైర్యం వచ్చింది. మంచిది ఎప్పటికైనా నిలుస్తుంది, కాలమే తేలుస్తుంది అనిపించింది. సాహిత్యంలో కూడా మనం ఈ మాట తరచూ వాడతాం. పుస్తకం అమ్ముడుపోని కవిని ఓదార్చడానికి మరీ ఎక్కువ. ఇప్పుడు ఆ మాటంటే నాకు భయం.

నా ఉద్యోగంలో ఒక సంగతి రోజూ ఎదురవుతుంది. రాత్రి సర్వర్‌లో ఏదో తేడా జరుగుతుంది. పొద్దున లాగ్స్ తీస్తాం. లాగ్‌లో పడినదాన్ని పట్టుకోగలం. పడనిది జరగనట్టే లెక్క, టికెట్ మూసేస్తాం. కాలం కూడా లాగ్స్ చూసే తీర్పు చెబుతుంది. మొహీనేర్ ఘొరాగులికి పద్దెనిమిదేళ్ళ తర్వాతైనా న్యాయం జరిగిందంటే, 1977లో ఎవరో డబ్బు పెట్టి రికార్డు ముద్రించారు కాబట్టి. చౌరస్తాని ఇవాళ వెనక్కి వెళ్ళి వినగలుగుతున్నామంటే యూట్యూబులో ఉంది కాబట్టి. ‘మంచిది ఎప్పటికైనా నిలుస్తుంది’ అని మనం చెప్పేది నిలిచినవాటిని చూసే కదా! నిలవనివి వచ్చి సాక్ష్యం చెప్పలేవు.

మా చిన్నాయన పాట అట్లా నిలవనిది.

ఆయన మా పేటలో చెక్కభజన గురువు. పదహారు మంది గుండ్రంగా నిలబడి, కాళ్ళకి గజ్జెలు, చేతుల్లో మువ్వల చెక్కలతో అడుగులు వేస్తుంటే, మధ్యలో నిలబడి పాట ఎత్తేవాడు. నిదానంగా మొదలుపెట్టి, ఒక్కో చరణానికి వేగం పెంచుతూ, పదహారు జతల చెక్కలు ఒకే చప్పుడు అయ్యేదాకా తీసుకుపోయేవాడు. పగలు సేద్యం, రాత్రి ఆంజనేయస్వామి గుడి ముందు అడుగులు నేర్పడం. 2016 శ్రీరామనవమికి నేను ఊళ్ళో ఉన్నాను. ఫోనులో ఒక నలభై సెకన్లు వీడియో తీశాను. ఆర్నెల్ల తర్వాత ఫోను నిండిపోయిందని మెసేజ్ వస్తే ఏవేవో చెరిపేశాను. గోవా ఫొటోలు ఉంచుకున్నాను. ఆ వీడియో పోయింది. అప్పుడు నాకేమీ అనిపించలేదు. నా ప్లేలిస్టులో అప్పటికే రకరకాల దేశాల జానపదాలు ఉన్నాయి.

చిన్నాయన 2021 మేలో పోయాడు. ఆ నెలలో ఊళ్ళకి పోలేకపోయిన చాలామందిలాగే నేనూ పోలేదు.

చౌరస్తా పాటని రెండోసారి విన్నాక నాలో మొదలైనది ఆయన పోయాక ఒక పిచ్చిలా పట్టింది. ఆ బృందంలో మిగిలినవాళ్ళని పట్టుకుని పాటలు రికార్డు చేయాలనుకున్నాను. మంచి మైకు కొన్నాను. ఊరికి పోయి, చిన్నాయన పక్కన మద్దెల వాయించిన మామని కలిశాను. “మీ పాట చాలా గొప్పది మామా, అది అందరికీ తెలియల్ల” అన్నాను. నా యాస ఆ గుమ్మంలో దానంతటదే తిరిగొచ్చింది. ఆయన బీడీ ఆర్పి నిదానంగా చెప్పాడు.

“మేము పాడ్తాంటే నువ్వు గుడి అరుగు మీద ఫోను సూస్కుంటా కూసోనుంటివి గదప్పా. ఇప్పుడు గొప్పదంటే నేనేం జేసుకోవల్ల? మీ చిన్నాయన ఉన్నెప్పుడు ఒక మాట అనింటే వానికి సంబరమయ్యేది.”

కోపంగా అనలేదు. వాన పడలేదన్నట్టు అన్నాడు. తర్వాత టీ తెప్పించాడు. రెండు పాటలు పాడాడు కూడా. ఊపిరి అందక మధ్యలో ఆపేశాడు. అవి నా దగ్గర ఉన్నాయి. అవి చిన్నాయన పాటలు కావు.

దీనికి నాకు నేనే చెప్పుకున్న ఎదురువాదం ఒకటుంది. అన్నీ వినడం ఎవరివల్లా కాదు. రోజుకి ఎన్ని పాటలొస్తాయి, ఎన్ని పుస్తకాలొస్తాయి? జల్లెడ పట్టాల్సిందే. సినిమానో విమర్శకుడో స్నేహితుడో ఎవరో ఒకరు చూపించకపోతే ఎట్లా? నిజమే. పైగా కళాకారుడు బతికుంటే, ఆలస్యపు మెప్పు కూడా వట్టిది కాదు. గౌతమ్ చట్టోపాధ్యాయ్‌కి దక్కిన ఆ నాలుగేళ్ళు ఎంత విలువైనవో ఆయనకే తెలుసు. చౌరస్తావాళ్ళ పాత పాట ఇవాళ ఒక కుర్రాడు మొత్తం విన్నాడంటే, వాళ్ళకి చేరే మెప్పే అది. నేను కాదనేది దాన్ని కాదు. ‘ఎప్పటికైనా గుర్తిస్తారులే’ అన్న నమ్మకాన్ని, ఇప్పుడు వినకపోవడానికి సెలవుచీటీలా వాడుకోవడాన్ని. ఆ చీటీ మీద బతికినన్నాళ్ళు నేను ప్రపంచంలోని పాటలన్నిటికీ న్యాయం చేస్తున్నాననే అనుకున్నాను. నాకు ఇరవై అడుగుల దూరంలో పాడుతున్న మనిషికి తప్ప.

అన్నీ వినలేను. కానీ ఎదురుగా పాడుతున్నప్పుడు వినగలను. ఎవరి అనుమతీ అక్కర్లేని చోటు అదొక్కటే అనుకుంటాను.

ఈ ఉగాదికి ఊరికి పోయాను. గుడి ముందు కొత్త పిల్లలు చెక్కలు పట్టుకుని అడుగులు వేస్తున్నారు. సినిమా బాణీలకి దేవుడి పాటలు కట్టుకున్నారు. తాళం చాలాచోట్ల తప్పుతోంది. నిజం చెప్పాలంటే నాకు నచ్చలేదు. మామ కూడా వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ఫోను తీయబోయి జేబులో పెట్టేశాను. ఎనిమిదో పాటకో తొమ్మిదో పాటకో, మధ్యలో నిలబడిన పిల్లగాడు నిదానంగా మొదలుపెట్టి వేగం పెంచడం మొదలుపెట్టాడు. మామ తొడ మీద వేళ్ళతో దరువు వేస్తున్నాడు. ఆపేదాకా ఇద్దరం లేవలేదు.