ఆశకు అంకె వేయడం

విద్యారుణం కాగితాల్లో ఒక గడి ఉంటుంది: చదువు పూర్తయ్యాక రాగల ఆదాయం ఎంత? ఇన్నేళ్ల ఉద్యోగంలో నన్ను ఇబ్బంది పెట్టిన గడి అదొక్కటే.

నేను కామర్సు పట్టభద్రుణ్ణి. రాబోయే లాభాన్ని ముందుగా పద్దులో రాయకూడదు, రాగల నష్టానికి మాత్రం ముందే ఏర్పాటు చేసుకోవాలి - మాకు మొదట నేర్పిన పాఠం ఇది. ఈ గడి దానికి సరిగ్గా తలకిందులు.

మొన్న హోసూరు దగ్గరి పల్లె నుంచి ఒక గులాబీ రైతు కూతుర్ని వెంటబెట్టుకొని వచ్చాడు. "పాప బెంగళూరులో ఎం.సి.ఎ. చదువుతానంటా ఉండాది సార్" అన్నాడు. అమ్మాయిదీ నాలాగే బి.కాం. ప్లస్ టూలో గణితం ఉంది కనుక సీటుకు అడ్డులేదు. 2020-21 నుంచి ఆ కోర్సు మూడేళ్లకు బదులు రెండేళ్లే. అడిగిన అప్పు 5 లక్షలు. ఆ మొత్తానికి తాకట్టు అక్కర్లేదు, కో-అప్లికెంటుగా తండ్రి సంతకం చాలు.

ఆ గడిలో అమ్మాయి నెలకు 60 వేలని రాసింది.

"ఎవరు చెప్పారమ్మా?"

"కాలేజీ వాళ్ల పుస్తకంలో ఉంది సార్."

ఇది అబద్ధమా? అబద్ధమాడాలంటే ముందు నిజం తెలిసి ఉండాలి కదా. రెండేళ్ల తర్వాత సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఎవరిని తీసుకుంటాయో ఆ పిల్లకూ తెలియదు, నాకూ తెలియదు. కొత్తగా చేరినవాళ్లకిచ్చే ప్రోగ్రాము పనిని కృత్రిమ మేధ చేసిపెడుతున్న రోజులివి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో చచ్చీచెడీ నేర్చుకున్న లెడ్జరు పోస్టింగ్ యంత్రాలు కూడా కొన్నేళ్లకే మూలపడ్డాయి. చదువుకూ తరుగుదల ఉంది. అయినా ఆనాడు అది నేర్చుకోకపోతే నేను ఆఫీసరునయ్యేవాణ్ణి కాను.

కనుక అమ్మాయి అంకెను తప్పుపట్టలేను. కానీ నాకు కచ్చితంగా తెలిసింది ఒకటుంది. వాయిదాలు ఆగితే మచ్చ తండ్రి సిబిల్ రికార్డు మీద కూడా పడుతుంది. ఆపైన పంట రుణానికి వస్తే మావంటి వాళ్లమే ఆయన్ను తిప్పి పంపుతాం. కొన్నేళ్ల క్రితం ఒక తండ్రికి ఈ మాట చెప్పలేదు. ఆయన అడగలేదు, మార్చి నెల, మాకు టార్గెట్ ఉంది. కుర్రాడు చదువు పూర్తిచేశాడు, ఉద్యోగం రాలేదు. ఆ తండ్రి ఇప్పటికీ సంతలో కనబడితే నాకు నమస్కారం పెడతాడు.

ఈసారి ఇద్దరికీ చెప్పాను, తెలుగులోనే. కాగితాల మీద ఏ భాష ఉన్నా అప్పు బరువు ఇంటిభాషలోనే తెలుస్తుంది. చదువయ్యాక ఏడాది గడువు, ఆ తర్వాత పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 8 వేలు అని లెక్క వేసి చూపించాను. అమ్మాయి 60 కొట్టేసి 25 రాసింది. తండ్రి కాసేపు ఆ కాగితం వంకే చూసి పెన్ను అడిగి తీసుకున్నాడు.

వాళ్లు వెళ్లాక తట్టింది, ఆ మాట ఆయనకు విడిగా చెప్పవలసిందని. కూతురి ఎదుట ఏ తండ్రి పెన్ను కింద పెడతాడు?