ఆ ఏడాది ఎవరిది?

మా పెళ్ళికి యాభై ఏళ్ళు దగ్గర పడుతున్నాయని మా పిల్లలకి ఒక సరదా పుట్టింది. ఆ సాయంత్రం ఇంట్లో అన్నీ 1977వే ఉండాలట! పాటలు ఆనాటివే, కబుర్లు ఆనాటివే, గోడకి అంటించే పేపరు కటింగులూ ఆనాటివే. "అమ్మా, నువ్వు లిస్టు రాసిపెట్టు చాలు, మిగతాది మేం చూసుకుంటాం" అంది మా అమ్మాయి. పాత కబుర్లు చెప్పమంటే వద్దనే ఆడవాళ్ళెవరైనా ఉంటారా, మీరే చెప్పండి! పొయ్యి మీద పప్పు పెట్టి మరీ కాగితం, కలం పట్టుకుని కూర్చున్నాను. పప్పు మాడిందనుకోండి, అది వేరే సంగతి.

రాయడం మొదలుపెట్టానో లేదో, ఏడాదికి ఏడాదీ కళ్ళ ముందుకొచ్చి నిలబడింది. సంక్రాంతి రోజునే రెండు భారతాలు! రామారావు 'దాన వీర శూర కర్ణ', కృష్ణ 'కురుక్షేత్రం' రెండూ జనవరి 14నే విడుదలయ్యాయి. మొదటిదాంట్లో కర్ణుడూ, దుర్యోధనుడూ, కృష్ణుడూ ముగ్గురూ రామారావే. సినిమా నాలుగు గంటలకి కాస్త తక్కువ. మా అమ్మ పులిహోర పొట్లాలు కట్టి తెచ్చింది.

మార్చిలో ఎన్నికలు. వీధిలో సగం మంది మా రేడియో చుట్టూనే. దేశంలో ఇందిరాగాంధీ ఓడిపోయారు గానీ, మన రాష్ట్రంలో మాత్రం 42 సీట్లలో 41 కాంగ్రెసుకే వచ్చాయి. ఆ మిగిలిన ఒక్కటీ నంద్యాల. అక్కడ గెలిచిన నీలం సంజీవరెడ్డిగారు జూలైకల్లా రాష్ట్రపతి అయి కూర్చున్నారు. ఏప్రిల్ 28న 'అడవి రాముడు' వచ్చింది. మే నెలలో మా పెళ్ళి. బ్యాండుమేళం వాళ్ళకి వేటూరి రాసి, మహదేవన్ బాణీ కట్టిన ఆ సినిమా పాటలు తప్ప ఇంకేం పట్టలేదు. "పెళ్ళికి కీర్తనలు లేవుటే!" అని మా అమ్మమ్మ ముక్కు మీద వేలేసుకుంది.

తర్వాత హైదరాబాదులో కొత్త కాపురం. అక్టోబరు 23న అక్కడ టీవీ మొదలైంది. పక్కింటివాళ్ళ ముందుగదిలో చాప మీద కూర్చుని, ఏం వస్తే అదే నోరు తెరుచుకుని చూసేవాళ్ళం. కాగితం చివర 'బంగారంలాంటి ఏడాది' అని రాసి, కింద రెండు గీతలు కూడా గీశాను.

ఆదివారం మా తోడికోడలు వచ్చింది. ఇద్దరం చిక్కుడుకాయలు ఒలుస్తున్నాం. మనవడు సెల్‌ఫోన్‌లో 'అడవి రాముడు' పాట పెట్టి, "నానమ్మా, ఇదేనా?" అన్నాడు. నేను తల ఊపుతున్నాను. తోడికోడలి చేతులు ఆగిపోయాయి.

"అక్కయ్యా, కాసేపు అది ఆపమనవూ" అంది మెల్లగా.

మా తోడికోడలిది దివిసీమ. కృష్ణ సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో ఒక పల్లె. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనలో వాళ్ళమ్మా, పన్నెండేళ్ళ తమ్ముడూ పోయారు. తను బందరులో పిన్ని ఇంట్లో ఉండి చదువుకుంటోంది కనుక బతికింది. ఇదంతా నాకు తెలియంది కాదు. తను కోడలిగా వచ్చిన కొత్తలో చెప్పింది, నేనూ తనతో కలిసి ఏడ్చాను. కానీ ఇన్నేళ్ళలో ఒక్కసారైనా నాకు తట్టని సంగతి ఒకటుంది. తన ఉప్పెన ఏడాదీ, నా బంగారు ఏడాదీ ఒక్కటేనని! రెండూ నా బుర్రలో వేరువేరు అరల్లో ఉన్నాయి, పట్టుచీరల పెట్టె ఒకచోట, పాతబట్టల మూట ఇంకోచోట ఉన్నట్టు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నవంబరులో నేనేం చేశానో తవ్వుకున్నాను. దాదాపు అయిదు మీటర్ల ఎత్తున సముద్రం ఊళ్ళ మీద పడింది. చనిపోయినవాళ్ళు పదివేలకు పైమాటే. రామారావు, నాగేశ్వరరావు జోలె పట్టి విరాళాల కోసం తిరిగారు. మా వీధికీ కుర్రాళ్ళు డబ్బా పట్టుకుని వచ్చారు. నేను రెండు పాత చీరలూ, అయిదు రూపాయలూ ఇచ్చాను. పేపరు చూసి "అయ్యో" అన్నాను. ఆ సాయంత్రమే మా వారితో 'యమగోల'కి వెళ్ళి, కడుపు చెక్కలయ్యేలా నవ్వాను. ఇదీ నా నవంబరు!

నవ్వడం తప్పా? తప్పని ఇప్పటికీ అనుకోను. లోకంలో ఏదో ఒక మూల ఎవరో ఒకరు ఏడవని రోజు లేదు. వాళ్ళందరి కోసం మనం నవ్వు మానుకుంటే ఏ ఇంట్లోనూ పెళ్ళి జరగదు, ఏ పిల్లకీ జోలపాట ఉండదు. మే నెలలో మోగిన బ్యాండుకి నవంబరు సంగతి ఎలా తెలుస్తుంది?

తప్పు మరోచోట ఉంది. నా సంతోషాన్ని తీసుకెళ్ళి ఏడాది మొత్తానికి అంటగట్టి, 'బంగారంలాంటి ఏడాది' అని రాశాను చూశారూ, అక్కడ. "ఎమర్జెన్సీలో రైళ్ళు టైముకి వచ్చేవోయ్" అని మా వారు ఇప్పటికీ అంటుంటారు. ఆ రోజుల్లో ఇంటాయన జైల్లో ఉన్న ఇల్లాలి ముందు ఆ మాట అనగలరా? ఆవిడకి ఏ రైలు టైముకి వస్తే ఏమిటి, రావలసిన మనిషి రానప్పుడు!

ఇలా ఎందుకవుతుందో కూడా ఆలోచించాను. పాటని వెయ్యిసార్లు వింటాం. రేడియోలో విన్నాం, టీవీలో విన్నాం, ఇప్పుడు సెల్‌ఫోన్‌లో వింటున్నాం. విన్న ప్రతిసారీ అది ఇంకాస్త తియ్యనవుతుంది. వార్తని ఒక్కసారే చదువుతాం. మర్నాడు ఆ కాగితంలోనే పకోడీలు కట్టి ఇస్తారు. అందుకే పాటలతో జ్ఞాపకం పెట్టుకున్న ఏడాది అసలు ఏడాదికన్నా తియ్యగా ఉంటుంది. పాట అబద్ధం చెప్పదు. సగమే చెబుతుంది. ఆ రెండో సగం పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నా మనం అడగం.

మర్నాడు పొద్దున్నే తోడికోడలికి ఫోన్ చేశాను. "ఆ పాట లిస్టులోంచి కొట్టేస్తున్నాను. అసలు ఈ సంబరమే వద్దంటాను పిల్లలతో" అన్నాను.

"అదేమిటక్కయ్యా!" అంది తను. "ఆ పాట మా తమ్ముడికి ప్రాణం. అవనిగడ్డ వెళ్ళి ఆ సినిమా మూడుసార్లు చూశాడు. జయప్రద వంతు కూడా వాడే సన్నగొంతు పెట్టి పాడేవాడు. మొన్న ఉన్నట్టుండి వినేసరికి తట్టుకోలేకపోయానంతే. ఫోటో కూడా లేదు వాడిది. ఆ పాట కూడా తీసేస్తే ఇంకేం మిగిలింది నాకు?"

నాకు నోట మాట రాలేదు. ఏ పాట తన దుఃఖమని నేను దాచేయబోయానో, అదే తన దగ్గర మిగిలిన ఒకే ఒక్క ఆస్తి! తనని ఒక్కమాట అడగకుండా తన ఏడాదిని కూడా నేనే సర్దేయబోయాను.

సంబరం జరుగుతుంది. లిస్టు మాత్రం మళ్ళీ రాశాను. మే నెల పక్కన మా పెళ్ళి, నవంబరు 19 పక్కన దివిసీమ. చివర్న ఉన్న 'బంగారంలాంటి ఏడాది'ని కొట్టేశాను. దానికి బదులు ఏం రాయాలో తోచక ఉత్త '1977' అని రాసి వదిలేశాను.

ఆ సాయంత్రం ఆ పాట వచ్చేముందు తమ్ముడి సంగతి తనే చెబుతానంది తోడికోడలు. మధ్యలో గొంతు పూడుకుపోతే అందుకోవడానికి నన్ను పక్కనే కూర్చోమంది.