రేపటినిగూర్చిన చింతయా, ఇంటివారిపట్ల బాధ్యతయా?



మన సంఘములలో ఎవరైనను నడివయస్సులో ప్రభువునందు నిద్రించినప్పుడు మనము చేయునది అందరికిని తెలిసినదే. భూస్థాపన జరుగును. స్త్రీల సమాజమువారు వండి పంపుదురు. ఆదరణ కూడికలో మంచి మాటలు చెప్పబడును. కానుక ఎత్తి ఆ విధవరాలి చేతిలో పెట్టుదుము. ఇవన్నియు మంచివే. కాని మూడవ నెల అద్దె కట్టవలసి వచ్చినప్పుడు, జూన్ నెలలో బడి ఫీజు అడిగినప్పుడు ఆమె తలుపు తట్టువారు ఎందరు? జీవిత బీమా మాట ఎత్తగానే "మనకు దేవుడే బీమా" అని ఎవరో ఒకరు అందురు. దానితో ఆ సంభాషణ ముగియును.

ఆ మాటను మనము తేలికగా త్రోసివేయము. కొండమీది ప్రసంగములో ప్రభువు రేపటినిగూర్చి చింతపడవద్దని బోధించెను. లూకా సువార్తలో, పాత కొట్లు విప్పి పెద్దవి కట్టింపదలచిన ధనవంతుడు ఆ రాత్రి దాటలేకపోయెను. ఈ రెండు భాగములు చదివిన పెద్దలు బీమాను అవిశ్వాసమని తలంచుటలో ఆశ్చర్యము లేదు.

అయితే ఆ ధనవంతుని తప్పిదము ఏది? కొట్లు కట్టుట కాదు. యోసేపు ఐగుప్తులో ఏడు సమృద్ధి సంవత్సరములు ధాన్యము కూర్పించెను, అతనిని ఎవరును అవిశ్వాసి అనలేదు. ధనవంతుడు ఆలోచించినదంతయు తనతోనే, తనకొరకే. అతని లెక్కలో మరియొక నోరు లేదు. యోసేపు కూర్చినది ఇతరుల ఆకలికొరకు. ఈ తేడాతో చూచిన యెడల, మరణించినప్పుడు మాత్రమే డబ్బు చెల్లించు టర్మ్ పాలసీ ఏ పక్షమున నిలుచును? కట్టినవాడు ఆ సొమ్మును కంటితో చూడడు. తాను కట్టిన కొట్టులో ఒక్క గింజయైనను తాను తినడు. "బ్రదికియుంటే డబ్బు తిరిగి రాదు గదా" అని మనవారు ఇట్టి పాలసీని కాదనుచుందురు. రాత్రి తలుపు గడియ వేసికొని, తెల్లవారిన తరువాత దొంగ రాలేదే అని ఎవరును దుఃఖింపరు గదా.

చింత వేరు, సిద్ధపాటు వేరు. చింత రాత్రి నిద్ర చెరుపును, పగలు ఏమియు చేయనియ్యదు. సిద్ధపాటుకు ఒక మధ్యాహ్నము కూర్చుండి కాగితములు నింపిన చాలును. నిజము చెప్పవలెనంటే, పాలసీ లేని తండ్రులే ఎక్కువగా చింతపడుచుండుట మనము చూచుచున్నాము.

దేవుని ఏర్పాటును గట్టిగా నమ్మిన సేవకులే ఈ పనికి ముందు నడిచిరి. స్కాట్లండు దేశములో 1744లో అలెగ్జాండర్ వెబ్‌స్టర్, రాబర్ట్ వాలెస్ అను ఇద్దరు సంఘకాపరులు, సేవకుల విధవరాండ్రకొరకు ఒక నిధిని నెలకొల్పిరి. ఏటా ఎందరు కాపరులు చనిపోవుదురు, ఎందరు భార్యలు మిగులుదురు అని లెక్క వేసి, దానిని బట్టి చందా నిర్ణయించిరి. 1759లో ఫిలడెల్ఫియాలోని ప్రెస్బిటేరియనులును అట్టి నిధినే స్థాపించిరి. మన స్వంత చరిత్రలోను, 1876–78 నాటి గొప్ప కరువులో ఒంగోలు క్లౌ దొరగారు ప్రార్థించి ఊరకుండలేదు. బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ల కంట్రాక్టు తీసికొని ఆకలిగొన్నవారికి పని, కూలి కల్పించెను. అది బీమా కాదు, నిజమే. కాని విశ్వాసము ఏర్పాటును ద్వేషింపదనుటకు ఆ కాలువ సాక్ష్యము.

ఊరు విడిచి వచ్చిన మనకు ఈ సంగతి మరింత బరువైనది. నెల్లూరు, ఒంగోలు ప్రాంతములలో మిగిలినవారికి అన్నదమ్ములు ప్రక్క వీధిలో ఉందురు, ఇంత నేలయో పాత ఇల్లో ఉండును. మూడు తరముల క్రిందట వచ్చిన మనకు ఆ ఇంటిలో వాటా పేరుకే మిగిలినది. కోలారు బంగారు గనులలో పనిచేసిన కుటుంబములకు ఇది వివరింపనక్కరలేదు. జీతము కంపెనీది, ఇల్లును కంపెనీదే. 2001లో గనులు మూతపడినప్పుడు రెండింటి ఆధారమును ఒక్కసారే కదిలినది. బెర్హంపురములోనైనను, షోలాపురములోనైనను అద్దె ఇంటిలో ఉండువాని మరణము అతని భార్యకు రెండు నష్టములు తెచ్చును: భర్తయు పోవును, ఆ ఊరిలో నిలుచుటకు ఆధారమును పోవును.

"సంఘము ఉన్నది గదా" అందురు. ఉన్నది. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయములో విధవరాండ్ర పోషణకొరకే ఏడుగురు ఏర్పరచబడిరి. కాని తిమోతికి వ్రాసిన మొదటి పత్రిక 5వ అధ్యాయములో పౌలు ఒక వరుస ఏర్పరచెను. మొదట ఇంటివారు తమ వారిని ఆదరింపవలెను, అప్పుడు సంఘముమీద భారము పడక, నిజముగా దిక్కులేనివారికి అది సహాయము చేయగలుగును. (ఈ అధ్యాయమును బీమా ఏజెంట్లు తమ సంచిలో పెట్టుకొని తిరుగుదురు. పౌలు అక్కడ ముఖ్యముగా మాటలాడినది వృద్ధులైన తల్లులను, అవ్వలను పోషించుటను గూర్చి అని వారు చెప్పరు.) కట్టగలిగియు కట్టనివాని కుటుంబము సంఘ నిధిలోనుండి తీసికొనునది, కట్టలేని కూలివాని భార్యకు చెందవలసిన భాగములోనుండియే. మన చిన్న సంఘముల నిధి ఎంత ఉండునో లెక్కలు చూచు పరిచారకులకు తెలియును.

కట్టలేనివారికి కూడ ఒక దారి కలదు. 2015లో ఆరంభమైన ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమాలో 18 నుండి 50 సంవత్సరముల లోపువారు బ్యాంకు ద్వారా చేరవచ్చును. సంవత్సరమునకు 436 రూపాయలు, మరణించినయెడల 2 లక్షలు. 55 ఏండ్లు నిండువరకు కొనసాగింపవచ్చును. మే నెలాఖరులో ఖాతాలో డబ్బు లేనియెడల ప్రీమియం కోతపడక పాలసీ ఆగిపోవును, ఇది చాలమందికి తెలియదు. నెలకు 15 వేలు ఖర్చగు ఇంటికి 2 లక్షలు పదమూడు నెలలు వచ్చును. అంతే. అయినను ఆ పదమూడు నెలలలో ఆమె వడ్డీ వ్యాపారి గుమ్మము ఎక్కకుండ ఒక పని వెదకుకొనగలదు.

మొగమాటమువలన తీసికొనిన పాలసీలు మన మధ్య మరియొక కీడు. ఏజెంటు సంఘపెద్ద అయినందున కాదనలేక, పెద్ద ప్రీమియం గల పొదుపు పాలసీ తీసికొని, రెండు కంతులు కట్టి మానివేయుట. అట్టివాడు పొదుపును పోగొట్టుకొనును, రక్షణయును పోగొట్టుకొనును. సంఘములో పదవిగలవారు ఆరాధన ముగిసిన వెంటనే ఆవరణలో పాలసీలు అమ్ముట మానవలెనని మన అభిప్రాయము.

ఫారములో షుగరు, బి.పి., పొగాకు అలవాటు దాచుటయు మనకు తగదు. "లేదని వ్రాయండి, ఎవరు చూస్తారు" అను సలహా సులభమే. మూడు సంవత్సరములలోగా ముఖ్యమైన సంగతి దాచినట్లు బయటపడినయెడల కంపెనీ చెల్లింపును నిరాకరింపవచ్చును. భర్త వ్రాసిన అబద్ధమునకు శిక్ష భార్యకు పడును.

పేరుల విషయము మనకు ప్రత్యేకమైన చిక్కు. బాప్తిస్మపు పేరు ఒకటి, బడి సర్టిఫికెట్టులో ఒకటి. తమిళనాడులో తండ్రి పేరు ఇనిషియల్‌గా మారి ఇంటిపేరు మాయమగును. మహారాష్ట్రలో భర్త పేరు మధ్యకు చేరును. పాలసీలో ఒకలాగు, ఆధార్‌లో ఒకలాగు ఉన్న పేరును సరిచేయించుటకు బ్రదికియున్నవాడు ఒకసారి కార్యాలయమునకు వెళ్లిన సరిపోవును. అతడు లేనప్పుడు అదే పనికి భార్య ఎన్ని మారులు తిరుగవలెనో!

పెండ్లికి ముందు తీసికొనిన పాలసీలను మరి ముఖ్యముగా చూచుకొనవలెను. వాటిలో నామినీగా తల్లి పేరు ఉండును, తరువాత ఎవరును మార్పింపరు. 2015లో సవరింపబడిన చట్టము ప్రకారము తలిదండ్రులు, భార్య లేక భర్త, పిల్లలు నామినీలైనయెడల ఆ సొమ్ము సాధారణముగా వారికే చెందును. తల్లియు కోడలును ఒక్క పొయ్యిమీద వండుకొనుచున్నంత కాలము చిక్కు లేదు. వేరైనయెడల కోడలికి అడుగుటకు హక్కు ఉండకపోవచ్చును. కనుక ఈ వారములోనే పెట్టె తెరచి బాండు పైకి తీసి, నామినీ గడిలో ఎవరి పేరు ఉన్నదో భార్యాభర్తలిద్దరు కలసి చదువుకొనవలెను.