పుట్టింటికి వచ్చిన సింహవాహిని

బోనం కుండకు సున్నం పూసి, పసుపు కుంకుమ బొట్లు పెట్టి, మెడకు వేపమండలు కట్టేటప్పుడు మా అమ్మ ఎవరితోనూ మాట్లాడేది కాదు. లోపల పాలూ బెల్లమూ వేసి వండిన అన్నం, పైన మూకుడులో దీపం. జహనుమా నుంచి లాల్‌దర్వాజా నడిచే దూరమే. లోకాన్ని చూపేది అని అర్థమున్న పేటలో పుట్టి, నేను లోకాన్ని మొదట చూసింది అమ్మ నెత్తిమీది ఆ దీపం వెలుగులోనే.

లాల్‌దర్వాజా తల్లి పేరు సింహవాహిని మహంకాళి. సింహం, శూలం, రౌద్రం పేరులోనే ఉన్నాయి. కానీ ఆమె దగ్గరికి మేం పట్టుకెళ్లేవన్నీ వంటింటివీ పెరటివీ: కుండ, పసుపు, వేపాకు, సాక పోసే చెంబు. చిన్నప్పుడు ఇది నాకు వింతగా తోచేది. సింహమెక్కిన తల్లికి బెల్లపన్నమా?

ఆ గుడి కథలోనూ అంతే. 1908 సెప్టెంబరు 28న హైదరాబాద్‌లో మూసీ నది పొంగింది. వేలమంది పోయారు, వంతెనలు కొట్టుకుపోయాయి. అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టెక్కి వందమందికి పైగా బతికారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. అప్పుడు ప్రధాని మహారాజా కిషన్ పర్షాద్ సలహాతో ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఈ తల్లికి బంగారు చాటలో పసుపు కుంకుమలు, ముత్యాలు సమర్పించాడని, తర్వాత వరద తగ్గిందని మా బస్తీల్లో చెప్పుకుంటారు. జరిగిందా లేదా అని వాదించేవాళ్లను చూశాను. నా మనసు మాత్రం ఆ చాట దగ్గరే ఆగుతుంది. కత్తి కాదు, కిరీటం కాదు, చాట. రాళ్లనూ తాలునూ వేరుచేసి గింజను నిలిపే పనిముట్టు. బంగారంతో చేసినా అది చాటే. రాజును ఇంటి ఆడదాని చేతి పనిముట్టుతో ఆమె ముందు నిలబెట్టింది ఈ కథ. అతని మతం ఏమిటని కథ అడగదు. ఊరు మునుగుతుంటే ఊరి పెద్ద వంగాలి, అంతే.

ఆ తర్వాత ఇంజనీరు విశ్వేశ్వరయ్య సూచన మేరకు, మళ్లీ అలాంటి వరద రాకుండా, ఎగువన ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. చాటకూ చెరువుకూ నాకు పొరపొచ్చం కనిపించదు. మొక్కినవాడే కట్టాలి కూడా.

పెద్దయ్యాక తెలిసింది, బెల్లపన్నం ఎందుకో. ఆషాఢంలో కొత్త కోడళ్లు పుట్టింటికి వస్తారు, అమ్మవారూ అప్పుడే వస్తుంది. ఒళ్లంతా పసుపుతో కొరడా ఝళిపిస్తూ ముందు నడిచే పోతరాజు ఆమె తమ్ముడు. ఎదురుకోలు, కొలుపు, సాగనంపడం అంతా ఆడబిడ్డ మర్యాదే. సింహం అత్తవారిల్లు అయిన బయటి లోకం కోసం. ఇక్కడ ఆమె ఆకలిగొన్న కూతురు.

అందుకే రంగం, అంటే అమ్మవారు ఒక స్త్రీని పూని చెప్పే భవిష్యవాణి, విన్నప్పుడు నాకు భయం కంటే సిగ్గు ఎక్కువ వేస్తుంది. పచ్చికుండ మీద, కాల్చని మట్టి మీద, నిలబడి ఆమె పలుకుతుంది. వానలు ఎలా ఉంటాయో చెబుతుంది. దాంతోపాటు, ‘నన్ను సరిగ్గా చూసుకోవడం లేద’ని అడుగుతుంది. పుట్టింటివాళ్లను అడిగే హక్కు కూతురికి కాక ఎవరికుంది? ‘తప్పయింది తల్లీ’ అని చుట్టూ ఉన్నవాళ్లు మొక్కుతారు.

మరి ఆ మాట నిజంగా చెవికెక్కితే, ఊరేగింపు చివర ఏం చేస్తున్నాం? అమ్మవారి రూపంగా కొలిచే అక్కన్న మాదన్న గుడి ఘటం ఏనుగెక్కి, మిగతా గుళ్ల ఘటాలు వెంట రాగా, చార్మినార్ దాటి నయాపూల్ దగ్గర మూసీకి చేరుతుంది. కూతురిని పంపేటప్పుడు ఒడిబియ్యం పోసి, మంచి చీర పెట్టి పంపే మనం, తల్లిని మురుగులోకి సాగనంపుతున్నాం. వరదకు వణికి చాట పట్టుకెళ్లిన నగరం అదే నదిలోకి డ్రైనేజీ వదులుతోంది. వచ్చే బోనాలకు కుండకు సున్నం పూసేముందు, మీ ఇంటి మురుగునీరు ఎటు పోతోందో ఒక్కసారి కనుక్కోండి.